అత్తగారి మణికట్టు

"విప్పేశాను కదా వదినా. ఇంకా ఏం కావాలి నీకు?"

మెర్లిండా ఆ మాట అంటూనే చేతిలో ఉన్న పాత దుప్పటి పీలికని వంటింటి బల్ల మీదకి విసిరింది. అది పోయి అన్నం గిన్నె పక్కన పడింది. పొద్దున్నే వెల్లుల్లి వేసి వేయించిన అన్నం. ఒక్కరూ ముట్టలేదు.

దెలింగ్ ఆ పీలిక వంక చూడలేదు. కుర్చీలో కూచున్న అత్తగారి కుడి చేతి వంకే చూస్తోంది. నిన్న సాయంత్రం దాకా ఆ మణికట్టుకి జపమాల చుట్టి ఉండేది, దగ్గర దగ్గరగా, ఒకదాని మీద ఒక వరస. ఇప్పుడది లేదు. దాని చోట చర్మం కమిలిపోయి ఉంది. ఒకచోట పుండు కూడా పడింది. ఎప్పుడూ ఒళ్ళో గుడ్డ కింద దాచుకునే ఎడం మణికట్టూ అలాగే కమిలి ఉంది.

ఇన్నాళ్ళూ భక్తి అనుకుంది మహాతల్లి. "మా అత్తగారు నిద్రలో కూడా జపమాల తియ్యరు" అని నలుగురి దగ్గరా గొప్పలు పోయింది కూడా. కింద ఏముందో ఒక్కసారి జరిపి చూసిన పాపాన పోలేదు.

చూసింది పక్కింటి సోలెదాద్. అదీ దెలింగ్ నేర్పిన చదువే.

ఆ ఊళ్ళో పెద్దవాళ్ళు ఎదురైతే చెయ్యి అందుకుని నుదుటికి ఆనించుకుంటారు. మానో అంటారు దాన్ని. మానో అడిగితే కాదనే ముసలివాళ్ళు లేరు. మానో కోసం వచ్చినవాళ్ళని గుమ్మంలో నిలబెట్టే ఇల్లూ లేదు. ఆ సంగతే పట్టుకుంది దెలింగ్. ఊళ్ళో ఆడవాళ్ళని కూచోబెట్టి, "ఇంట్లో ఏం జరుగుతోందని అడిగితే ఎవరూ చెప్పరు. మానో అడగండి. చెయ్యి అందుకున్నప్పుడు మణికట్టు చూడండి. చెయ్యి వెనక్కి లాక్కుంటోందేమో చూడండి" అని పాఠం చెప్పింది. ఆ పాఠం విన్న సోలెదాద్ నిన్న పంచదార బదులు అడగడానికి వచ్చింది, అలవాటుగా ముసలమ్మ చెయ్యి అందుకుంది, జపమాల కొంచెం పక్కకి జరిపింది.

మరి దెలింగ్ రోజూ మానో చెయ్యదా? చేస్తుంది. గుమ్మంలో చెప్పులు వేసుకుంటూ "మానో అత్తమ్మా" అని కేక వేస్తుంది. లోపల ముసలావిడ గాల్లోకి చెయ్యి ఎత్తుతుంది. అయిపోయింది మానో. పాఠం చెప్పడానికి ఆలస్యమైపోతుంది మరి.

"మెర్లిండా, నేను నిన్నేమీ అనలేదు" అంది దెలింగ్.

"అనలేదు. నిన్న రాత్రి నుంచీ ఒక్క మాట అనలేదు. అదే నా ప్రాణం తీస్తోంది. అను. ఊళ్ళో వాళ్ళందరికీ చెప్తావుగా, ఇలాంటిదాన్ని ఏమంటారో. నన్ను కూడా అను."

"ఇద్దరూ కాసేపు నోరు ముయ్యండి" అన్నాడు గుమ్మం మీద కూచున్న అన్సెల్మో. దెలింగ్ మొగుడు, మెర్లిండాకి అన్న. మనుషుల్ని ఎక్కించుకునే అద్దె ట్రైసికిల్ తోలుతాడు. ఇవాళ బండి బయటికి తియ్యలేదు. "పదింటికి ఆవిడ వస్తుంది. ఆవిడ ముందు కూడా ఇలాగే అరుచుకుంటారా?"

ఆవిడంటే జిల్లా సంక్షేమశాఖ నుంచి వచ్చే ఎవాంజెలీన్ మేడమ్. వచ్చే ఏడాదికి దెలింగ్ ఇచ్చే శిక్షణకి డబ్బు ఇవ్వాలా వద్దా అన్నది ఆవిడ చూసి వెళ్ళి చెప్పే మాట మీద ఉంది. శిక్షణే కాదు. రేవు దగ్గర మూతబడ్డ ఐస్ ఫ్యాక్టరీ ఉంది. దాన్ని బాగుచేసి, ఇంట్లోవాళ్ళు పనికి వెళ్ళినంతసేపూ ముసలివాళ్ళని చూసుకునే పగటి ఇల్లుగా మార్చాలని దెలింగ్ ఎక్కని గుమ్మం లేదు. ఆ డబ్బు కూడా ఇందులోనే.

"ఆవిడ వస్తే రానీ" అంది మెర్లిండా. "నేనే చెప్తా. ఎందుకు కట్టానో చెప్తా. అన్నయ్యా, నీకు గుర్తుందా లేదా? వానల్లో అమ్మ సముద్రంలోకి దిగిపోయింది. గుండెల దాకా నీళ్ళు. నాన్న పడవ వస్తోందట, తాడు అందుకోవాలట. నాన్న పోయి ఎన్నేళ్ళయింది? నేను ఎండు చేపల బుట్ట అక్కడే పారేసి పరిగెత్తాను. అమ్మని బయటికి లాగేసరికి నా పైప్రాణాలు పైనే పోయాయి."

"గుర్తుంది" అన్నాడు అన్సెల్మో నేల చూస్తూ.

"ఆ తర్వాత ఏం చేశారు మీరు? నువ్వు బండి తోలుకుంటూ వెళ్ళిపోయావు. వదిన పాఠాలకి వెళ్ళిపోయింది. నేను బజారుకి వెళ్ళకపోతే చేపలు ఎవడు అమ్ముతాడు? వెళ్తే అమ్మని ఎవరు చూస్తారు? తలుపు గడియ పెడితే కిటికీ ఎక్కింది. అప్పుడు కట్టాను. మెత్తటి గుడ్డతోనే కట్టాను. మొదట్లో వదులుగానే కట్టాను."

"నాతో చెప్పొచ్చు కదే" అంది దెలింగ్.

మెర్లిండా నవ్వింది. అలాంటి నవ్వు వినడం కంటే నాలుగు తిట్లు తినడం నయం.

"నీతోనా? నీతో చెప్తే కేసంటావేమోనని భయం వదినా. ఊళ్ళో ఎవరింట్లో ఏ ముసలమ్మకి దెబ్బ తగిలినా నీకు తెలుస్తుందట. మన ఇంట్లో జపమాల ఎవరు చుట్టారనుకున్నావు? అమ్మే చుట్టుకుంది. నువ్వు చూస్తే నన్ను పట్టుకుపోతారని."

దెలింగ్‌కి తల కొట్టేసినట్టయింది.  ఆ ముసలి వేళ్ళు ఒక్కొక్క పూసా సర్దుకుంటూ, కూతుర్ని కాపాడుకోవడానికి కోడలి కళ్ళు గప్పాయన్నమాట.

కుర్చీలోంచి అత్తగారు అపొలోనియా అందరి మొహాలూ ఒకసారి చూసింది.

"ఎవరు పోయార్రా?" అంది. "పొద్దున్నే ఇంతమంది వంటింట్లో కూచున్నారు. కాఫీ కూడా పెట్టలేదు."

ఎవరూ నవ్వలేదు. మెర్లిండా మాత్రం లేచి పొయ్యి వెలిగించింది. కోపం కోపమే, కాఫీ కాఫీయే. అమ్మ గ్లాసులో పంచదార వేసి, వేడి చూసి, ఊదుతూ చేతికి ఇచ్చింది. వేళ్ళు సరిగ్గా పట్టడం లేదని తనే కింద చెయ్యి పెట్టింది. ఆ చేతులే కట్టాయని ఎవరైనా చెప్తే నమ్మేలా లేదు.

అప్పుడే వచ్చాడు కపితాన్ సెవెరినో. ఊరి పెద్ద. అన్సెల్మోకి బాప్తిస్మంలో తండ్రిగా నిలబడ్డవాడు. చేతిలో రొట్టెల పొట్లం, మొహం నిండా నిమ్మళం. ఎవరింట్లో ఏ గొడవైనా అదే పొట్లంతో వస్తాడు.

ముందు అపొలోనియా చెయ్యి అందుకుని నుదుటికి తాకించుకున్నాడు. పుండు చూడకుండా భలే చాకచక్యంగా వేళ్ళ చివరలు పట్టుకున్నాడు.

"సోలెదాద్‌తో మాట్లాడాను" అన్నాడు కూచుంటూ. "నోరు మెదపదు. మంచి పిల్ల. ఇక మనం మనం సర్దుకుంటే సరిపోతుంది."

"ఏం సర్దుకోవాలి?" అంది దెలింగ్.

"ఎప్పుడూ చేసేదే. మెర్లిండా మోకాళ్ళ మీద కూచుని అమ్మ చెయ్యి అందుకుంటుంది. తప్పయిందంటుంది. అమ్మ తల మీద చెయ్యి పెడుతుంది. మానో అయిపోయాక ఇక ఆ మాట ఎవరూ ఎత్తకూడదు. ఎత్తినవాళ్ళదే తప్పు. ఈ ఊరు ఇన్నాళ్ళూ అలాగే బతికింది."

"పుండు మీద మానో చేస్తే పుండు మానుతుందా కపితాన్?"

"నువ్వు పాఠంలో చెప్పే మాటలు నాకు చెప్పకు. నేనే కదా నీకు ఊరి హాలు ఇప్పించింది." ఆయన గొంతు పెంచలేదు. "ఒకటి అడుగుతాను, కాస్త ఆలోచించి చెప్పు. పాఠం చెప్పే పంతులమ్మ ఇంట్లోనే అత్తగారిని కట్టేశారని తెలిస్తే ఆవిడ డబ్బు ఇస్తుందా?"

జవాబు కూడా ఆయనే చెప్పాడు.

"ఇవ్వదు. శిక్షణ పోతుంది, పగటి ఇల్లు పోతుంది. ముసలి ఇస్కో సంగతేమిటి మరి? మనవడు వాడిని కోళ్ళగూడు పక్కన పడుకోబెడుతున్నాడని నువ్వే కదా కనిపెట్టావు. రేపు వాడిని ఎక్కడ పెడతావు, నీ పాఠంలోనా?"

అదీ నిజమే. కపితాన్ మాటల్లో ఉన్న బాధ అదే, అందులో అబద్ధం దొరకదు. పగటి ఇల్లు వస్తే మెర్లిండా పొద్దున అమ్మని అక్కడ దింపి బజారుకి వెళ్తుంది, సాయంత్రం తెచ్చుకుంటుంది. ఈ పీలిక అవసరమే ఉండదు. ఆ ఇల్లు రావాలంటే ఈ పూట ఈ పీలిక సంగతి దాచాలి. దాస్తే ఇక రేపు ఏ మొహం పెట్టుకుని ఇంకొకరి గుమ్మం ఎక్కాలి?  ఎటు తిరిగినా గోడే తగులుతోంది.

"దెలింగ్" అన్నాడు అన్సెల్మో మెల్లిగా, గుమ్మం మీంచి లేచి లోపలికి వచ్చి. "అది నా చెల్లెలు. అమ్మ నా తల్లి. నాకు ఇద్దరూ కావాలి. నీకు దణ్ణం పెడతాను."

పెళ్ళయిన ఇన్నేళ్ళలో అన్సెల్మో ఆమెతో ఆ మాట అనలేదు. దెలింగ్ సరే అనలేదు. కాదనీ అనలేదు. గోడకి ఆనుకుని చేతులు కట్టుకుంది. కపితాన్‌కి అది చాలు.

"మెర్లిండా, రా అమ్మా."

"నేనేం తప్పు చేశానని?"

"తప్పు సంగతి కాదు. అమ్మ చెయ్యి అందుకోవడమే కదా."

"రోజూ అందుకుంటూనే ఉన్నాను. మలం ఎత్తేటప్పుడూ అందుకున్నాను, స్నానం చేయించేటప్పుడూ అందుకున్నాను. ఇవాళ మీరందరూ చూస్తుంటే అందుకోవాలా?"

"మెర్లిండా" అన్నాడు అన్సెల్మో. "నా కోసం."

 మెర్లిండా భుజం మీది తుండు తీసి కుర్చీ వీపుకి వేసి, అమ్మ ముందు మోకాళ్ళ మీద కూలబడింది. కపితాన్ టోపీ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. 

మెర్లిండా కుడి చెయ్యి చాపింది, అమ్మ చెయ్యి కోసం.

అపొలోనియా ఆ చెయ్యి చూసింది. కాఫీ గ్లాసు జాగ్రత్తగా పక్కన పెట్టింది. తర్వాత రెండు చేతులూ దగ్గరికి చేర్చి, మణికట్టుకి మణికట్టు ఆనించి, కూతురి ముందుకి చాపింది.

"కాస్త వదులుగా కట్టవే ఇవాళ" అంది. "నిన్న వేళ్ళు తిమ్మిరెక్కాయి. నేనెక్కడికీ వెళ్ళనులే, నువ్వు బజారుకి వెళ్ళిరా."

మెర్లిండా చాపిన చెయ్యి గాల్లోనే ఉండిపోయింది. అన్సెల్మో మొహం తిప్పుకున్నాడు. కపితాన్ టోపీ అంచు సవరించుకుంటూ కూచున్నాడు, దానికేదో అర్జంటు పని ఉన్నట్టు.

"అమ్మా" అంది మెర్లిండా. 

"ఎవరు కట్టారు ఆవిడని?"

ఆ గొంతు గుమ్మంలోంచి వచ్చింది. ఎవాంజెలీన్ మేడమ్ గొడుగు ముడుస్తూ నిలబడి ఉంది. ఎంతసేపట్నుంచి అక్కడుందో ఎవరికీ తెలియదు. చెప్పులు విప్పి ఉన్నాయి. తడి పాదాలతో లోపలికి వచ్చేసింది.

కపితాన్ గబుక్కున లేచాడు. "రండి మేడమ్, రండి. ముందే వచ్చారే. ఇక్కడ చిన్న కుటుంబ ప్రార్థన జరుగుతోంది. పెద్దావిడకి మతి నిలకడగా ఉండదు, పాపం, ఏదేదో మాట్లాడుతూ ఉంటుంది."

మేడమ్ ఆయన వంక చూడలేదు. వంగి ముసలమ్మ చేతిని మానోకి అందుకుంది. నుదుటికి ఆనించుకుని, మెల్లిగా తిప్పి చూసి, వదలకుండా అలాగే పట్టుకుంది.

"నేను అడిగింది వినపడలేదా?" అంది. "ఎవరు కట్టారు?"

అన్సెల్మో దెలింగ్ వంక చూశాడు. ఆ చూపులో ఏముందో ఆమెకి తెలుసు. కపితాన్ కూడా చూశాడు. మెర్లిండా ఒక్కతే చూడలేదు. ఆమె నోరు తెరవబోతోంది.

"మేం కట్టాం" అంది దెలింగ్.

తన గొంతు తనకే కొత్తగా ఉంది.

"మా అత్తగారు ఆవిడ. కట్టింది ఈ ఇంట్లోనే. గుడ్డ ముడేసింది ఒకరు. ఆ ఒక్కరి మీదే అంతా వదిలేసి, చేయి కూడా పట్టుకు చూడకుండా తిరిగింది నేను. ఊరందరికీ చూడమని చెప్పేదాన్ని నేనే."

"దెలింగ్" అన్నాడు కపితాన్.

"దాచి తెచ్చుకున్న డబ్బుతో ఎవరికి ఏం నేర్పను కపితాన్? నా వల్ల కాదు."

కపితాన్ టోపీ పెట్టుకున్నాడు. రొట్టెల పొట్లం బల్ల మీదే వదిలేశాడు. గుమ్మం దాటుతూ ఆగి, "ఊరి నోట్లో మట్టి కొట్టావమ్మా" అన్నాడు. కోపంగా అన్నా బాగుండేది. దిగులుగా అన్నాడు.

మేడమ్ కుర్చీ లాక్కుని అపొలోనియా ఎదురుగా కూచుంది. పుండు ఎప్పటిదో, జ్వరం వచ్చిందో లేదో, రాత్రిళ్ళు కూడా కట్టేవారో అడిగింది. మెర్లిండా అన్నిటికీ జవాబు చెప్పింది. ఏదీ దాచలేదు, ఏదీ తగ్గించలేదు. రాత్రిళ్ళు కట్టలేదని, పక్కనే పడుకునేదాన్నని మాత్రం రెండుసార్లు చెప్పింది.

"డబ్బు సంగతి నా ఒక్కదాని చేతిలో లేదు" అంది మేడమ్ చివరికి. దెలింగ్‌తోనే అంది. "నేను చూసింది చూసినట్టు చెప్పాలి, మీ పేరుతో సహా చెప్పాలి. వాళ్ళు ఏమంటారో నాకు తెలుసు, మీకూ తెలుసు. అది తర్వాతి మాట. ముందు ఈవిడని ఈ పూట ఇక్కడ ఉంచి నేను వెళ్ళలేను. పట్టణంలో ముసలివాళ్ళ ఆశ్రమం ఉంది. నా బండిలోనే తీసుకెళ్తాను."

"అంత దూరమా?" అన్నాడు అన్సెల్మో. "కొండ అవతలకా?"

"ఇటు పక్క ఇంకోటి లేదయ్యా. ఒకటి పెట్టొచ్చా లేదా చూద్దామనే నేను వచ్చింది."

ఆ మాటకి దెలింగ్ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆపుకోలేదు. ఆపుకునే ఓపిక లేదు.

"ఎక్కడికే?" అంది అపొలోనియా. ఎవరో ఏదో మాట్లాడుతున్నారని కాదు, తన గురించే మాట్లాడుతున్నారని తెలిసింది ఆవిడకి. కింద కూచున్న మెర్లిండా గౌను భుజం దగ్గర పట్టుకుంది. "ఇది కూడా వస్తుందా?"

"కొన్నాళ్ళు రాకూడదమ్మా" అంది మేడమ్. "మేం బాగా చూసుకుంటాం."

"అయితే నేను రాను. నేను పక్కన లేకపోతే ఇది అన్నం తినదు. చిన్నప్పట్నుంచీ అంతే." ఆవిడ మతి ఆ నిమిషంలో ఎంత తేటగా ఉందో చూసినవాళ్ళకి భయం వేసింది. "ఈవిడ మంచిగానే మాట్లాడుతోంది కానీ, నేను మా ఇంట్లోనే ఉంటాను. చెప్పవే దెలింగ్."

మేడమ్ దెలింగ్ వైపు తిరిగింది.

"రానంటోంది. పూర్తిగా తెలివిలో ఉండి అంటోంది. మీరు శిక్షణలో ఏం చెప్తారు ఇలాంటప్పుడు? నిజంగానే అడుగుతున్నాను. నాకూ తెలియడం లేదు."

దెలింగ్ ఏం చెప్పేదో దెలింగ్‌కి కంఠతా వచ్చు. పెద్దవాళ్ళు రామంటే బలవంతంగా లాక్కురాకూడదు, వాళ్ళ బతుకు మీద మాట వాళ్ళదే అని చెప్పేది. కట్టేసిన మనిషిని కట్టినవాళ్ళ దగ్గర ఒక్క పూట కూడా వదిలి రాకూడదనీ చెప్పేది. రెండూ ఒకే రోజు చెప్పేది, ఒకే గొంతుతో. వింటున్న ఆడవాళ్ళు రెండిటికీ తల ఊపేవాళ్ళు. ఆ రెండూ ఒక్క మనిషి దగ్గరే ఎదురుపడితే ఏం చెయ్యాలని ఒక్కరూ అడగలేదు. ఆమె కూడా ఆలోచించలేదు.

"నేను ఇంట్లో ఉంటాను" అంది దెలింగ్ తడబడుతూ. "అన్నీ మానేస్తాను మేడమ్. మెర్లిండా బజారుకి వెళ్తే నేనే చూసుకుంటాను. రేపట్నుంచే."

"వదిన మాట వినకండి" అంది మెర్లిండా.

తల ఎత్తకుండానే అంది. భుజం మీద బిగుసుకున్న అమ్మ వేళ్ళని ఒక్కొక్కటిగా విడదీస్తోంది.

"వదిన మంచిదే. కొన్నాళ్ళు ఉంటుంది కూడా. తర్వాత ఎవరింట్లోనో ఏదో అయిందని కబురొస్తుంది, వెళ్తుంది. వెళ్ళకుండా ఉండలేదు. అన్నయ్య బండి ఆపలేడు, నేను చేపలు ఆపలేను. అమ్మ మళ్ళీ సముద్రం వైపు నడుస్తుంది. నేను మళ్ళీ కడతాను. ఇప్పుడు ఏడుస్తున్నాను కానీ, కడతాను మేడమ్. నా సంగతి నాకు తెలుసు. తీసుకెళ్ళిపోండి."

అపొలోనియా కూతురి మాటలన్నీ విన్నది. విడదీసిన వేళ్ళతోనే కూతురి తల నిమిరింది.

"కట్టుకోనీ" అంది మేడమ్‌తో. "నాకేం నొప్పి పుట్టదు."

 మేడమ్ దెలింగ్ వంకే చూస్తూ కూచుంది, ఆమె చెప్పేదాని కోసం.